సముద్రతీరవాసులు – మంచినీటి యిక్కట్లు



ఎదుట సముద్రమంత నీరున్నను, గ్రుక్కెడు మంచినీటికై బిందె చేతబట్టి నడువవలసిన దుర్గతి మన తీరగ్రామములలో నేటికిని పూర్తిగా తొలగలేదు. విద్యనుగూర్చియు వసతిగృహములనుగూర్చియు ఇట్టి సభలలో తఱచుగా ముచ్చటించుకొనుచున్నాము. నేడు నీటినిగూర్చి మనవి చేయదలచితిమి.

1864 నవంబరులో మచిలీపట్టణమును, 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచివేసినది. దివిసీమ ఉప్పెనలో మృతులు సుమారు 10,000 మంది యని సర్కారు లెక్క. అంతకు మిక్కిలి యని పలువురి మాట. చెఱువులును బావులును ఉప్పునీటితోను కళేబరములతోను నిండిపోగా, బ్రతికినవారికి దాహమే రెండవ యుపద్రవమైనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినపుడు విద్యుత్తు లేక మోటారులు నిలిచి, నగరవాసులు సైతము నీటికి కటకటలాడిరి.

దీని కారణము నెఱుగుట యవసరము. తీరమున ఇసుకదిబ్బలక్రింద ఇంకిన వాననీరు, తేలికయగుటచే, ఉప్పునీటిపై తేలియుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో, క్రింద సుమారు 40 అడుగులు మంచినీరుండును. ఆ యొక్క అడుగును తోడివేసినచో ఉప్పునీరు 40 అడుగులు పైకెక్కును. కావుననే లోతులేని చెలమలనుండి నెమ్మదిగా తోడుకొనుట మేలు. దిబ్బలను త్రవ్వి ఇసుకను తరలించుటయు, ఊరియంచున ఉప్పునీటి రొయ్యలచెఱువులు త్రవ్వుటయు, లోతు బోరులు వేయుటయు ఆ నిధిని చెఱచుచున్నవి. కాచినను, బ్లీచింగుపొడి చల్లినను క్రిములు చచ్చునేగాని ఉప్పు పోదు.

మఱియొక సంగతి. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మన తూర్పుతీరమున యంత్రపుపడవల వేట నిషిద్ధము. చెఱువు లెండి నీరు కొనవలసిన దినములును, ఇంట రాబడిలేని దినములును ఒక్కటే! కలవాడు డబ్బానీరు కొనును. లేనివాడు ఉప్పనినీరే త్రాగును.

కావున ఈ సంవత్సరపు సంఘనిధిలో తొలిభాగమును నీటికే కేటాయింపుడని ప్రార్థించుచున్నాము. మంచినీటిచెఱువుల గట్లు ఎత్తుచేయవలయును. తుఫాను ఆశ్రయభవనముల మేడలపై వాననీటిని పట్టు తొట్లు కట్టింపవలయును. మోటారులకు జనరేటరులు సమకూర్పవలయును. దిబ్బలను కాపాడవలయును. ఆ తొట్టికడకు ఏ కులమువారు వచ్చినను కాదనరాదు. దాహమునకు కులము లేదు.

సభాభవనము మఱుసటి యేడు కట్టుకొనవచ్చును. ఉప్పెన మఱుసటి యేటివఱకు ఆగునని యెవరు చెప్పగలరు? దాతలు యోచింతురుగాక యని విన్నవించి విరమించుచున్నాము.