నికెలు, కోబాల్టు: ధాతువు నుండి లోహము వరకు

జర్మనీ దేశమున శాక్సనీ కొండలలో వెండి, రాగి త్రవ్వుకొను పూర్వపు గనిపనివారికి అప్పుడప్పుడొక ఎఱ్ఱని రాయి దొరకెడిది. చూచుటకు అది రాగి ధాతువువలెనే యుండును. కొలిమిలో పెట్టినచో రాగి రాదు, పాషాణపు పొగ మాత్రము వచ్చును. ఇది గనిలోని దయ్యము చేసిన మోసమని తలంచి, వారు దానికి ‘కుప్ఫర్ నికెల్’, అనగా రాగిదయ్యము, అని పేరిడిరి. అటువంటిదే మఱియొక ధాతువునకు ‘కోబోల్డ్’ అను భూతము పేరు వచ్చినది. స్వీడను రసాయనజ్ఞులలో జార్జి బ్రాంట్ 1735 ప్రాంతమున కోబాల్టును, క్రోన్‌స్టెట్ 1751లో నికెలును వేఱుచేసిరి. దయ్యములు పోయినవి గాని పేర్లు నిలిచినవి.

ఈ రెండు లోహములును భూమిలో తఱచుగ కలిసియే యుండును. నికెలు ధాతువులు ముఖ్యముగ రెండు తెగలు. గంధకముతో కూడినవి మొదటి తెగ. కెనడాలోని సడ్‌బరీ గనులు వీనికి ప్రసిద్ధములు. 1883లో రైలుమార్గము వేయుచు రాతిని పగులగొట్టినప్పుడు ఆ నిక్షేపము బయల్పడినది. ఉష్ణదేశములలో వానలకు శిలలు శిథిలమై యేర్పడిన ఎఱ్ఱమన్ను, అనగా లాటరైటు, రెండవ తెగ. న్యూ కాలెడోనియా, ఇండోనీషియా, క్యూబాలలో ఇది విస్తారము. మన ఒడిశాలోని సుకిందాలో క్రోమైటుపై కప్పియున్న మన్నునందును కొంత నికెలు కలదు.

వీనినుండి లోహమును రాబట్టు విధమును మేమిచట క్లుప్తముగ చెప్పెదము. సడ్‌బరీ రాతిలో నికెలు సాధారణముగ నూటికి ఒకటి రెండు పాళ్లే. కనుక రాతిని పిండిచేసి, నూనెలు కలిపిన నీటిలో గాలి బుడగలు పుట్టించి, లోహము గల రేణువులను నురుగుతో తేల్చి తీయుదురు. వానిని వేయించి, కొలిమిలో కరగించి, గాలి ఊది, ఇసుక చేర్చి, ఇనుమును చిట్టెముగా తొలగింతురు. మిగిలిన ‘మాట్’లో నికెలు, రాగి, గంధకము ఉండును. ఇక నికెలును శుద్ధిచేయుటకు లుడ్విగ్ మాండ్, ఆయన సహచరులు 1890లో ప్రకటించిన పద్ధతి చిత్రమైనది. సుమారు 50 డిగ్రీల వేడిమిలో కార్బన్ మోనాక్సైడు నికెలుతో సులభముగ కలిసి ఆవిరియగును. 200 డిగ్రీలు దాటినచో ఆ ఆవిరి విడిపోయి, శుద్ధమైన నికెలు పేరుకొనును. కాని ఆ ఆవిరి మహావిషము.

లాటరైటును నురుగుతో తేల్చుటకు వీలులేదు. క్యూబాలోని మోవాలో 1959లో ఆరంభమైన పద్ధతిలో మన్నును గంధకామ్లముతో కలిపి, మూసిన పాత్రలలో సుమారు 250 డిగ్రీల వేడిమికి, అధిక పీడనమునకు లోనుచేయుదురు. నికెలు, కోబాల్టు ద్రవములోనికి దిగును. ఇనుములో చాలభాగము మడ్డియై మిగులును. పిమ్మట ఆ రెండింటిని రసాయనములచే వేఱుచేయుదురు.

ఇంత శ్రమ యెందులకు? గణతంత్ర భారతము 1950లో వెలువరించిన రూపాయి నికెలుదే. తుప్పుపట్టని ఉక్కులో మేలురకములకు నికెలు కావలయును. విమానయంత్రముల మిశ్రలోహములకును, విద్యుద్వాహనముల పెక్కు బ్యాటరీలకును రెండును కావలయును.

అయితే ఆ వెల ఎవరు చెల్లించుచున్నారో మనము తెలిసికొనవలెను. సడ్‌బరీలో గంధకపు పొగకు చెట్లు చచ్చి, శిలలు నల్లబడి, కొండలు బోడివడినవి. 1978 నుండి అచటివారు సున్నపురాతి పొడి చల్లి, గడ్డిని, చెట్లను మరల పెంచుచున్నారు. ప్రపంచపు కోబాల్టులో సగమునకు మించి నేడు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రమునుండి వచ్చుచున్నది. అచటి గనులలో చేతిపనిముట్లతో త్రవ్వువారిలో పిల్లలును గలరు. శాక్సనీ పనివాడు విషపు పొగ పీల్చి, నింద దయ్యముపై వేసెను. మనకట్టి సాకు లేదు. గనిరాతిలోకంటె పాత బ్యాటరీలో ఈ లోహములు అధికముగ నున్నవి. దానిని చెత్తలో పారవేయక, మరల లోహము తీయువారికి చేర్చుట మనచేతనగు పని.