ఉంది, లేదు గడుల నడుమ



అధ్యక్షుణ్ణి ఎంచేటప్పుడు నిర్వాహకులు ఎవరి అభిప్రాయమూ అడిగినట్టు లేదు. అడిగి ఉంటే ఈ కుర్చీలో ఇంకెవరైనా ఉండేవారు. అభివృద్ధిలో ఏది ముందు, ఏది వెనుక అన్నదాని మీద, బయటి దేశాల సాయం మీద మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జనం మాట ఎట్లా సేకరించారు, సేకరించింది ఏమైంది అన్నది ఇవాళ్టి చర్చ. ఇందులో పుస్తకాల్లో చదివింది కొంత, ఫారాలు పట్టుకుని ఊళ్ళు తిరిగి నేర్చుకున్నది కొంత నా దగ్గర ఉంది. తిరిగినదానితోనే మొదలుపెడతాను.

తొంభైల మొదట్లో ఒక సర్వేలో నేను కిందిస్థాయి ఉద్యోగిని. ఇంటింటికీ పోయి గడులు నింపడం పని. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఫారంలో ఒక ప్రశ్న: ఇంటికి దగ్గర్లో తాగునీటి వసతి ఉందా, లేదా. రెండు గడులు. ఆమె నడుము నేలవైపు వంగి ఉంది, నన్ను చూడాలంటే మెడ పక్కకు తిప్పాలి. "బోరింగున్నది బిడ్డా. గా బోరింగే ఈ నడుమిట్ల జేసింది. ఏం రాస్తవో రాసుకో" అంది. ఆ నీళ్ళల్లో ఉన్నది ఫ్లోరైడు. నేను "ఉంది" గడిలో టిక్కు పెట్టాను. ఫారం చివర "ఇతర విషయాలు" అని ఒక గీత ఉండేది. లెక్కకు రానిది అందులో రాయొద్దని మా పైఅధికారి ముందే చెప్పి పంపాడు. ఆ జిల్లాలో తాగునీటి వసతి ఉన్న ఇళ్ళలో ఆమెదీ ఒకటిగా లెక్క తేలింది.

నేను ఈ సభ ముందు పెట్టదలచిన మాట అంతా ఆ గడిలోనే ఉంది. మన దగ్గర జనాన్ని అడగలేదన్నది నిజం కాదు. బహుశా దేశంలో ఇన్నిసార్లు అడిగించుకున్న జిల్లాలు తక్కువ. ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఊళ్ళోకి రాకముందే తయారై వచ్చింది.

సాయం పేర్లు గబగబా చెప్పి ముందుకు పోతాను. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 1995లో మహిళా పొదుపు సంఘాల పనికి ఎంచుకున్న మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అంటే మన పాలమూరు, ఒకటి. నెదర్లాండ్స్ సాయంతో బోర్లు వేసిన ఏపీవెల్ పథకం ఏడు కరువు జిల్లాల్లో మన రెండూ ఉన్నాయి. బ్రిటన్ డబ్బుతో 1999లో మొదలైన గ్రామీణ జీవనోపాధుల పథకం అయిదు జిల్లాల్లోనూ మన రెండూ ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు అప్పుతో 2000లో మొదలైన వెలుగు పేదరిక నిర్మూలన పథకం మొదటి ఆరు జిల్లాల్లో పాలమూరు ఉంది. కరువు ఉన్నచోటికి సాయం వస్తుంది, సాయం వచ్చినచోటికి ప్రశ్నపత్రం వస్తుంది.

వీటన్నిటికంటే ముందు వచ్చింది పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్. అదీ అంతర్జాతీయ సాయంతో 1972లో పుట్టిన సంస్థే. 1975లో ఆ సంస్థ మెట్టసేద్యపు ఊళ్ళను ఏళ్ళ తరబడి గమనించడానికి ఆరింటిని ఎంచింది. అందులో రెండు పాలమూరువి: మాడ్గుల దగ్గరి ఔరేపల్లి, దేవరకద్ర దగ్గరి దోకూరు. ఊరికి నలభై కుటుంబాలు, అందులో పది కూలీలవి, మిగతా ముప్పై చిన్న, నడిమి, పెద్ద రైతులవి. మనుషులు అక్కడే కాపురం ఉండి, ఎవరు ఎంత ఆముదం పండించారు, ఎవరికి ఎంత కూలి ముట్టింది, ఎవరు ఎవరి దగ్గర బదులు తెచ్చుకున్నారు అన్నీ రాసుకున్నారు. ఈ హాలు బయట ఔరేపల్లి ఎక్కడుందంటే చెప్పలేనివారు ఉంటారు గానీ, అమెరికా విశ్వవిద్యాలయాల్లో పేదరికం మీద పాఠం చెప్పే ఆర్థికవేత్తలకు ఆ పేరు సుపరిచితం. కరువొస్తే ఊరు తనలో తాను ఎట్లా ఆదుకుంటుంది అన్న ప్రశ్న మీద రాబర్ట్ టౌన్సెండ్ 1994లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ లెక్కల మీదే నిలబడింది.

అంతకుముందే ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ ఈ ఊళ్ళలో ఒక ఆట ఆడించాడు. ఖాయంగా ఇంత తీసుకుంటావా, బొమ్మా బొరుసా వేసి ఎక్కువో తక్కువో తీసుకుంటావా అని నిజం డబ్బులతోనే అడిగాడు. పందెం పెద్దదయ్యేకొద్దీ ఉన్నవాడూ లేనివాడూ దాదాపు ఒకే తీరుగా జాగ్రత్తపడ్డారు. పేదరైతు కొత్త విత్తనానికి, ఎరువుకు ముందుకు రాకపోతే అది అతని పిరికితనం కాదు, అప్పు పుట్టకపోవడం అని తేలింది. నోటి ప్రశ్నకంటే చేతి ప్రశ్న నిజం రాబట్టిన సందర్భం ఇది. నాకు బాగా నచ్చిన సర్వే ఇదే, అది సర్వే అనిపించుకోకపోయినా.

అట్లాంటిదే 2003లో మరొకటి జరిగింది. దేశంలో మొట్టమొదటి వర్షపాత బీమా మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు అమ్మారు. వెనుక ప్రపంచ బ్యాంకు సలహా ఉంది, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా ఉంది, ఊళ్ళో అమ్మింది సూక్ష్మరుణ సంస్థ బేసిక్స్. వానలు లేని జిల్లాలో వాన బీమా ఇట్టే అమ్ముడుపోవాలి కదా. కొన్నవాళ్ళు చాలా కొద్దిమంది. ఎందుకు కొనలేదని పరిశోధకులు అడిగితే ఎక్కువగా వచ్చిన జవాబులు రెండు: అర్థం కాలేదు, చేతిలో పైసల్లేవు. ముందే అడిగి ఉంటే, వాన పడకపోతే డబ్బులిస్తామంటే వద్దనేవాడు ఎవడు? అందరూ "కావాలి" గడిలోనే ఉండేవారు. మన రైతుకు మర్యాద ఎక్కువ. అడిగేవాడి సంచిలో ఏముందో చూసి అదే కావాలంటాడు. రోడ్ల శాఖ వాళ్ళకు రోడ్డు, దవాఖాన వాళ్ళకు దవాఖాన. వచ్చిన మనిషిని ఊరికే పంపడం ఎట్లా అనుకుంటాడు. ఆ మర్యాదను మనం నివేదికలో ప్రాధాన్యం అని రాసుకుంటాం.

ఈ సంగతి బాగా పట్టుకున్నవాడు బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్. తారురోడ్డు పక్క ఊళ్ళే చూసి, వానాకాలం రాకుండా, మగవాళ్ళతోనే మాట్లాడి వెళ్ళిపోయే నిపుణుల మీద 1983లో పుస్తకం రాశాడు. 1989 నుంచి రెండేళ్ళు హైదరాబాద్‌లోనే ఉండి పనిచేశాడు. ఊరివాళ్ళనే నేల మీద పటం గీయమనే పద్ధతి ఆ తర్వాత మన జిల్లాల్లో బాగా పాకింది. వెలుగు రోజుల్లో వాడవాడలా ఆడవాళ్ళు ముగ్గుపిండితో ఊరి పటం వేసి, గింజలు పెట్టి ఇళ్ళు చూపి, ఎవరు నిరుపేదలో, ఎవరు పేదలో ఊరి సభలోనే తేల్చేవారు. చూడముచ్చటగా ఉండేది. పటాన్ని చార్టు కాగితం మీదికి ఎత్తుకునేవారు, చార్టు మండలానికి పోయేది. సాయంత్రానికి ముగ్గు చీపురుకు పోయేది. ఆ చార్టు నకలు ఒకటి ఊళ్ళో ఉంచిన చోటు నేను చూడలేదు.

విదేశీ సాయం మీదే జనాన్ని తీర్పు చెప్పమన్న సందర్భం ఒకటుంది. మనకు పొరుగున, మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో 2001 జూన్ చివరివారంలో జరిగిన ప్రజాతీర్పు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం మెకిన్సీ కంపెనీ సాయంతో విజన్ 2020 అనే అభివృద్ధి పత్రం తయారు చేయించింది. వ్యవసాయం మీద బతికేవారిని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం అందులో ఒక లక్ష్యం. బ్రిటన్ రాష్ట్రానికి పెద్ద ఎత్తున సాయం ఇస్తున్న కాలం అది. చిన్న, సన్నకారు రైతులు, ఎక్కువమంది మహిళలు జూరీగా కూర్చున్నారు. మూడు రకాల భవిష్యత్తులను వీడియోలో చూశారు, అధికారులనూ శాస్త్రవేత్తలనూ కంపెనీల వాళ్ళనూ సాక్షులుగా పిలిచి నిలదీశారు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఒక బృందం ఇదంతా సవ్యంగా సాగుతోందా అని చూసింది. జూరీ చెప్పింది: పనులు ఊడగొట్టే యంత్రాలు వద్దు, జన్యుమార్పిడి పంటలు వద్దు, కాంట్రాక్టు సేద్యం వద్దు, ఊరి విత్తనం, ఊరి తిండి, ఊరి పెత్తనం ఊరికే ఉండాలి. మరుసటి ఏడాది నివేదిక లండన్ చేరింది. ఈ జూరీ ప్రజలకు ప్రతినిధి కాదని బ్రిటిష్ సాయం శాఖ అభ్యంతరం చెప్పింది.

ఆ అభ్యంతరంలో కొంత పస ఉందనే నా అభిప్రాయం. జూరీని కూర్చోబెట్టినవారికి ముందే ఒక మొగ్గు ఉంది, దాన్ని దాచుకోనక్కర్లేదు. కానీ అదే తక్కెడతో విజన్ పత్రాన్ని తూచినవారేరి? మెకిన్సీ సలహాదారుల్లో ఎందరు కౌలురైతులున్నారని ఏ సాయం శాఖా అడగలేదు. శాంపిల్ సరిపోలేదన్న మాట కిందినుంచి పైకి పోయే మాటకే తగులుతుంది. పైనుంచి కిందికి వచ్చేదానికి శాంపిల్ అక్కర్లేదు.

ఇక ఎవరూ అడగకుండానే జనం చెప్పిన సందర్భం. 1996 నల్లగొండ లోక్‌సభ ఎన్నిక. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి ఫ్లోరైడు నీళ్ళ మీద, శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం ఏళ్ళ తరబడి తిరిగింది. విన్నపాలు ఇచ్చింది, పాదయాత్రలు చేసింది. ఎవరూ వినకపోయేసరికి నామినేషన్లు వేయించింది. చివరికి బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది, పోలింగు మిగతా దేశంతో కలిసి జరగలేక వెనక్కి పోయింది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. తక్కినవారిలో దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. పోతాయని తెలిసే కట్టారు. తలా 500 రూపాయలు పెట్టి తమ ప్రశ్నపత్రం తామే అచ్చు వేయించుకున్నారనుకోండి. అభివృద్ధిలో ఏది ముందు అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఏ సంస్థ సేకరణలోనూ నేను చూడలేదు. ఉంది, లేదు అన్న రెండు గడుల్లో పట్టని మాటకు వాళ్ళు 480 గడులు తెరిచారు.

దేశం దీనికి ఇచ్చిన జవాబు రెండు రకాలు. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్టును 500 నుంచి 10,000 చేశారు. అంటే ప్రశ్న ధర ఇరవై రెట్లు పెరిగింది. నీళ్ళు మాత్రం తాపీగా వచ్చాయి. ఇంటింటికీ తాగునీళ్ళిచ్చే మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో లేచింది 2015లో. ఎడమగట్టు కాలువ సొరంగం పని 2005లో మంజూరైనా ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు ఇదే దారి పట్టి, పోటీలో మొత్తం 185 మంది నిలిచినప్పుడు నాకు నల్లగొండే గుర్తొచ్చింది. అప్పటికి డిపాజిట్టు ఇరవై అయిదు వేలు.

సాయం తీసుకొచ్చినవారంతా ఒకే తీరని నేననను. నెదర్లాండ్స్ డబ్బుతో, ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2003 తర్వాత ఏడు జిల్లాల్లో భూగర్భజలాల పని ఒకటి నడిచింది. బోర్లు ఇవ్వలేదు, సబ్సిడీ ఇవ్వలేదు, మీకేం కావాలని అడగనూ లేదు. పదిహేను రోజులకోసారి బోరులో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో రైతులే కొలిచారు, వానమాపకం రైతులే చూశారు. యాసంగికి ముందు వాగు పరిధిలోని ఊళ్ళవాళ్ళు కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, వేద్దామనుకున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్క గట్టారు. లెక్క వాళ్ళ గోడ మీదే ఉండేది. వరి తగ్గించుకున్నవాళ్ళు ఎవరో చెబితే తగ్గించలేదు. అభిప్రాయం అడగడానికి ముందు సమాచారం చేతికివ్వడం అనే పద్ధతికి మన దగ్గర ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పాలమూరు గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఇక్కడి సర్వేలన్నిటిలోనూ ఇంట్లో లేనివాడి గడి ఖాళీ. మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని గుంపుగా కట్టల పనులకు, భీవండికి, ముంబైకి పోయినవాడి ప్రాధాన్యం ఏమిటో ఇంటి దగ్గర ఉన్న తల్లి చెప్పాలి. 2014 ఆగస్టు 19న ఒక్కరోజు సమగ్ర కుటుంబ సర్వే పెట్టినప్పుడు వాళ్ళు బస్సులు పట్టుకుని వచ్చి ఇంటి ముందు నిలబడ్డారు. పేరు రాయించుకోకపోతే ఊళ్ళో లేనట్టేనని భయం. ఆ భయం ఏ గడిలో రాశారు?

భాష సంగతి ఈ సభలోని రచయితలకు అప్పగిస్తున్నాను. "ప్రాధాన్యతా క్రమం", "లబ్ధిదారు", "భాగస్వామ్యం" అన్న మాటలు ఇంగ్లీషు ఫారం నుంచి తెలుగు ఫారంలోకి దిగినవి. మన ఊళ్ళో మనిషి "ముందుగాల నీళ్ళు, గా తర్వాత సూద్దం" అంటాడు. ఆ వాక్యంలో క్రమమూ ఉంది, కోపమూ ఉంది. ప్రశ్నపత్రం రాసేటప్పుడు పక్కన ఒక కథకుడు కూర్చుంటే నష్టం లేదు.

ఇవాళ పత్రాలు చదవబోయే యువ పరిశోధకులకు అధ్యక్షుడిగా ఒక షరతు పెడుతున్నాను. వేదిక ఎక్కగానే ముందు మీరు ఏ ఊళ్ళో అడిగారో ఆ ఊరి పేరు, వచ్చిన లెక్కతో ఆ ఊరికి తిరిగి ఏ తేదీన పోతున్నారో ఆ తేదీ చెప్పండి. ఆ తర్వాత పత్రం మొదలుపెట్టండి.