పాత గడ్డికోత యంత్రం వయసు చెప్పడమెలా?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేశాను. ఆఫీసు తోటల్లో ఒక మాలి తాడుతో లాగుతుంటే మరొకరు వెనుకనుంచి నెట్టే గడ్డికోత యంత్రాలు రిపేరుకు నా బెంచీ మీదికే వచ్చేవి. అటువంటివి ఇప్పటికీ కొన్ని షెడ్లలో, మనలో కొందరి పెరళ్ళలో తుప్పు పడుతున్నాయి. వేలం వచ్చిందంటే "పాత ఇనుము" అని రాసి తూకానికి అమ్మేస్తారు. లేదా ఏ బేరగాడో "బ్రిటిష్ కాలంది" అని నిన్నమొన్నటి యంత్రాన్ని మన పిల్లలకు అంటగడతాడు. ఈ రెండింటికీ మందు ఒక్కటే. యంత్రం మీద రాసి ఉన్నది చదవాలి.

ముందు కొంచెం చరిత్ర. ఇంగ్లండులో స్ట్రౌడ్ ప్రాంతంవాడైన ఎడ్విన్ బడ్డింగ్, మిల్లులో ఉన్నిబట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి, 1830లో గడ్డికోత యంత్రానికి పేటెంటు పొందాడు. 1832 నుంచి ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ వారు వాటిని తయారుచేశారు. పెట్రోలు యంత్రాన్ని వారే 1902లో అమ్మకానికి తెచ్చారు. బర్మింగ్‌హామ్ ఆట్కో మోవరు 1921లో వచ్చింది. కనుక ఆట్కో పేరున్న మోవరును 1910 నాటిదంటే నమ్మకండి.

ఇక పని మొదలుపెడదాం. గుడ్డను కిరోసిన్‌లో తడిపి మెల్లగా తుడవండి. ఎమరీ కాగితం, వైరు బ్రష్షు వద్దు. రంగుతోపాటు అక్షరాలూ పోతాయి. పక్క పలకలు, చక్రాలు, పిడి మొదలు, ఇంజను మూత చూడండి. అక్షరాలు ఆనకపోతే పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి.

కంపెనీ పూర్తి పేరు చదవండి. "రాన్సమ్స్, సిమ్స్ అండ్ జెఫరీస్" అని ఉంటే 1884కు ముందుది కాదు. వజ్రాకారపు డిజైను ముద్ర 1842–1883 నాటి పద్ధతి. "ఆర్‌డి" నంబర్లు 1884లో మొదలయ్యాయి. పేటెంటు నంబరు గాని, డిజైను ముద్ర గాని యంత్రం పుట్టిన తేదీని చెప్పవు. అంతకుముందు పుట్టలేదని మాత్రమే చెబుతాయి.

బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజనైతే పని సులువు. మోడలు, టైపు నంబర్ల పక్కన కోడు నంబరుంటుంది. అది 74051208 అనుకోండి. 1974, మే నెల, 12వ తేదీ అన్నమాట. అయితే అది ఇంజను వయసే సుమా! పాత ఒంటికి కొత్త ఇంజను తగిలించడం నా బెంచీ మీదే ఎన్నోసార్లు జరిగింది.

మన ఊరి డీలరు బిళ్ళ ఉంటే అదీ వదలకండి. దాని మీద ఆరంకెల పిన్‌కోడు ఉంటే ఆ బిళ్ళ 1972 ఆగస్టు 15 తర్వాతిదే. అప్పటికి ముందు మనకు పిన్‌కోడు లేదు.

సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ మార్చమంటే ఆఫీసువారు ఒక్క కాగితానికి ఒప్పుకునేవారా? ఇక్కడా అంతే. రెండుమూడు ఆధారాలు కలిస్తేనే వయసు ఖాయం చేయండి.

తేలిన వివరాలు ఒక చీటీ మీద రాసి, ఏ తోటలో పనిచేసిందో, ఎవరు నడిపారో కూడా చేర్చి, యంత్రానికి కట్టండి. నకలు పెన్షను కాగితాలతో ఉంచండి. నంబరు ఇనుము మీద ఉంటుంది గాని, నడిపిన మాలి పేరు మన జ్ఞాపకంలోనే ఉంది. దాన్ని రాయవలసింది మనమే.

సెలవు.