నెల చందా ఆటలు

ఒకప్పుడు వీడియో గేమ్ డిస్క్ కొంటే ఆ ఆట మనదే. ఇప్పుడు చాలా ఆటలు చందా కట్టినన్నాళ్లే మనవి.

మైక్రోసాఫ్ట్ 2017లో గేమ్ పాస్ మొదలుపెట్టింది. నెలనెలా కడితే వందల ఆటలు. మరి అన్ని ఆటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? తయారుచేసే కంపెనీలనే కొనేస్తే సరి! 2023లో కాల్ ఆఫ్ డ్యూటీ ఆటలు తీసే యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను అలాగే కొన్నది. బ్రిటన్ నియంత్రణ సంస్థ మొదట ససేమిరా అంది. ఆ ఆటలను ఇంటర్నెట్ ద్వారా నేరుగా ఆడించే క్లౌడ్ హక్కులు యూబీసాఫ్ట్‌కు ఇచ్చాకే ఒప్పుకుంది.

కొని నాలుగు నెలలైనా కాలేదు, మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో దాదాపు 1,900 మంది ఉద్యోగాలు పోయాయి. తర్వాత జపాన్‌లో మైక్రోసాఫ్ట్‌కే చెందిన టాంగో గేమ్‌వర్క్స్ మూసివేత ప్రకటన వచ్చింది. హై-ఫై రష్ అనే ఆట తీసి అందరి మెప్పూ పొందిన స్టూడియో అది! మంచి ఆట తీసినా కొలువు నిలవకపోవడం నన్ను నిజంగా బాధించింది. చివరికి కొరియా సంస్థ క్రాఫ్టన్ ఆ బృందాన్ని ఆదుకుంది.

ఇక ఆడేవాళ్ల సంగతికొస్తే, గేమ్ పాస్ చందా ధరా పెరిగింది. జాబితాలోంచి ఆటలూ తొలగిపోతుంటాయి. కాబట్టి మీ పిల్లలు ఏ ఆట ఆడుతున్నారో ముందు అడగండి. ఏడాదంతా ఒకటి రెండు ఆటలే అయితే, చందా కన్నా వాటిని కొనడమే చవక కావచ్చు. చందా దానంతటదే కొనసాగే ఏర్పాటును ఇవాళే ఒకసారి చూడండి.