పికప్ బండికి ఫోర్‌వీల్ డ్రైవ్ ఒక్కటే చాలునా?

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



విత్తనపు ఖర్చు, ఎరువు ఖర్చు, కూలి ఖర్చు మనము పుస్తకములో వ్రాసికొందుము. చేను నుండి తారు రోడ్డు వరకు నుండు ఆ ఒకటి రెండు కిలోమీటర్ల డొంక దారిని మాత్రము ఎవరును లెక్కలో వేయరు. ఎండాకాలములో ఆ దారి కనబడనే కనబడదు. మొగులు పట్టి రెండు వానలు కురిసినచో రేగడి నేల బంక వలె మారును. అప్పుడు టమాటా క్రేట్లు ఎత్తిన బండి దిగబడి, తెల్లవారుజాము వేలమునకు అందకపోయెనా, ఆ రోజు ధర పోయినట్లే. మరునాటికి కాయ మెత్తబడును.

ఈ బాధ పడినవారు కొత్త బండి కొనునప్పుడు సహజముగా అడుగునది ఒకటే: "ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్నదా?" దానికై ఎక్కువ సొమ్ము చెల్లించి, మరుసటి వానకు అదే డొంకలో మరల దిగబడినవారు కూడ కలరు. బండి చెడిపోయినదని వారు షెడ్డుకు తీసికొనిపోవుదురు. బండిలో లోపమేమియు లేదు. ఫోర్‌వీల్ డ్రైవ్ అను పేరే కొంత మోసపు పేరు. నాలుగు చక్రములకు శక్తి అందును, నిజమే. కాని నాలుగు చక్రములును కలిసి తోయునని దాని అర్థము కాదు. ఎందుకో తెలియవలెనన్నచో వెనుక ఇరుసు నడుమ గుండ్రముగా ఉబ్బియుండు ఆ ఇనుప డిప్పలో ఏమి జరుగుచున్నదో చూడవలెను. దానినే డిఫరెన్షియల్ అందురు.

మన ఎద్దుబండి చక్రములు ఇరుసు మీద దేనికది తిరుగును. మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవును గదా! ఎద్దుబండికి ఆ చిక్కు లేదు, చక్రములను ఎవరును తిప్పుట లేదు గనుక. మోటారు బండిలో ఇంజను శక్తి చక్రములను తిప్పవలెను, మలుపులో అవి వేరువేరు వేగములతోను తిరుగవలెను. ఈ రెండును కుదుర్చు పళ్ళ చక్రముల అమరికను 1827లో ఫ్రాన్సు దేశస్థుడు ఒనెసిఫోర్ పెకర్ ఆవిరి బండి కొరకు కల్పించెను. నేటికిని మన పికప్‌లో ఉన్నది ఆ సూత్రమే.

ఈ అమరికకు ఒక గుణము కలదు. అది రెండు ప్రక్కల చక్రములకు ఎప్పుడును సమానముగానే బలము పంచును. కాడిని తలచుకొనుడు. నడుమ ఒక్కచోట మోకు కట్టిన కాడికి రెండు ఎడ్లు. ఒక ఎద్దు కాలు జారి నిలబడినచో రెండవది ఎంత బలమైనదైనను కాడి అడ్డముగా తిరుగునే గాని నాగలి కదలదు. బలహీనమైన ఎద్దు ఎంత లాగునో బలమైన ఎద్దు నుండి కూడ అంతే పని దక్కును. డిఫరెన్షియల్ సంగతి అచ్చముగా ఇదే. బురదలోని చక్రము గిర్రున తిరుగును, గట్టి నేల మీది చక్రము కదలక చూచుచుండును.

ఇప్పుడు లెక్క వేసి చూతము. ఈ అంకెలు లెక్క సులువుగా నుండుటకు నేను అనుకొన్నవి. బండిని బట్టి, నేలను బట్టి మారును. సరుకుతో బండి బరువు 2,000 కిలోలు, ఒక్కొక్క చక్రము మీద 500 కిలోలు పడుచున్నవనుకొందము. ఎడమ చక్రములు రెండును బోదెలోని బురదలో దిగినవి. అక్కడ ఒక్కొక్కదానికి 50 కిలోల తోపుడుకు మించి పట్టు దొరకదు. కుడి చక్రములు గట్టి నేల మీద ఉన్నవి. అక్కడ ఒక్కొక్కదానికి 300 కిలోల వరకు పట్టు కలదు. బోదె నుండి ఎక్కి బయటపడుటకు మొత్తము 250 కిలోల తోపుడు కావలెననుకొందము.

వెనుక చక్రములతో మాత్రమే నడచు మామూలు బండిలో ఎడమది 50 తోయును, కుడిదానికిని అంతే అందును. మొత్తము 100. బండి కదలదు. ఫోర్‌వీల్ మీట వేసితిమి. ముందు ఇరుసులోను అదే డిఫరెన్షియల్ కలదు, అక్కడను అదే కథ, మరియొక 100. మొత్తము 200. ఇప్పుడును కదలదు! కుడి ప్రక్క 600 కిలోల పట్టు ఎదురుచూచుచుండగా 100 మాత్రమే వాడుకొంటిమి. ఒక ముందు చక్రము, ఒక వెనుక చక్రము జారినచో ఫోర్‌వీల్ బండి ఆగిపోవుటకు కారణము ఇదియే.

ఇచ్చటనే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అక్కరకు వచ్చును. మెకానిక్కులు ఎల్.ఎస్.డి. అందురు. జారుటకు హద్దు పెట్టునది అని అర్థము. దీనిలో సాధారణ రకమునకు డిప్ప లోపల ప్రక్క గేర్ల వెంబడి పలుచని ఉక్కు పలకల కట్ట యుండును. స్ప్రింగులు వానిని నొక్కి పట్టును. ఒక చక్రము రెండవదానికంటె వేగముగా తిరుగబోయినచో పలకల రాపిడి దానిని వెనుకకు లాగి, ఆ బలమును నిదానముగానున్న చక్రమునకు త్రోయును. జారు చక్రమునకు అందు బలమునకు రెండు మూడు రెట్లు గట్టి చక్రమునకు అందునట్లు వీనిని అమర్చుదురు.

మన లెక్కలో రెండున్నర రెట్లనుకొందము. ఫోర్‌వీల్ లేక, వెనుక ఎల్.ఎస్.డి. మాత్రమే ఉన్న బండికి ఎడమ 50, కుడి 125, మొత్తము 175. చాలదు. ఫోర్‌వీల్ ఒక్కటే 200, అదియు చాలదు. రెండును కలిసిన బండిలో వెనుక 175, ముందు 100, మొత్తము 275. బండి గట్టెక్కును. ఫోర్‌వీల్ అనునది ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు నడుమ పంపకము; ఎల్.ఎస్.డి. అనునది ఒకే ఇరుసు మీద ఎడమకు, కుడికి నడుమ పంపకము. ఒకదాని పని రెండవది చేయలేదు. పంట కాలువకు అడ్డుగట్టు, పొలము గట్టుకు గండి, రెండును వేరు గదా!

ఎల్.ఎస్.డి. కంటె గట్టిది లాకు. అది రెండు చక్రములను ఒకే కడ్డీ వలె బిగించివేయును. వెనుక లాకు వేసినచో ఎడమ 50, కుడి 300, మొత్తము 350. అనగా ఫోర్‌వీల్ లేకయే బండి బయటపడును. ట్రాక్టరు నడుపువారికి ఇది కొత్త సంగతి కాదు. కాలి మడమ దగ్గర నుండు డిఫరెన్షియల్ లాకు తొక్కుడు అదియే. ట్రాక్టరులో ఎడమకు, కుడికి వేరువేరు బ్రేకులు కలవు. దమ్ములో గిర్రున తిరుగు చక్రమునకు మాత్రమే బ్రేకు నొక్కి రెండవ చక్రమునకు బలము మళ్ళించు నేర్పు మన డ్రైవర్లకు తెలియును. నేటి కొన్ని మోటారు బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ అను పేరుతో యంత్రమే ఆ పని చేయుచున్నది. పికప్ దిగబడినప్పుడు హ్యాండ్‌బ్రేకు సగము లాగి చూడుమని కొందరు చెప్పుదురు. హ్యాండ్‌బ్రేకు రెండు వెనుక చక్రములను సమానముగా పట్టును గనుక మామూలు డిఫరెన్షియల్‌లో దాని వలన మిగులునది దాదాపు ఏమియు లేదు. క్లచ్చి కాలుటయే మిగులును.

మరి ఎల్.ఎస్.డి. ఎప్పుడు పనికిరాదు? రెండు చక్రములును ఒకే విధమైన బురదలో ఉన్నప్పుడు. వరిమడిలో దిగిన బండికి ఎడమ 50, కుడి 50. ఒక ప్రక్క నుండి రెండవ ప్రక్కకు మళ్ళించుటకు ఏమున్నది? లాకు వేసినను అంతే. అక్కడ ఫోర్‌వీలే దిక్కు. ముందు చక్రముల 100 కలిసి 200 అగును. ఒక చక్రము పూర్తిగా గాలిలోనికి లేచినప్పుడు కూడ ఎల్.ఎస్.డి. సాయము స్వల్పమే. సున్నాకు రెండున్నర రెట్లు సున్నాయే. స్ప్రింగుల బిగువు ఇచ్చునంతే మిగులును. అట్టి చోట్లకు లాకు కావలెను.

కనుక కొనుటకు ముందు మీ దారిని ఒకసారి వానలో నడచి చూడుడు. దారి పొడవునా ఒకే తీరుగ మెత్తగా నుండు డెల్టా పుంతకు ఫోర్‌వీల్ ముఖ్యము. ఒక ప్రక్క గట్టిగా, ఒక ప్రక్క గుంటలుగా నుండు మెట్ట డొంకకు వెనుక లాకుగాని ఎల్.ఎస్.డి.గాని ముఖ్యము. సరుకు సంగతియు చూడవలెను. పికప్‌కు ఇంజను ముందుండును. ఖాళీగా తిరిగి వచ్చునప్పుడు వెనుక తేలికయై చక్రములకు పట్టు తగ్గును, అప్పుడు ఫోర్‌వీల్ ఆదుకొనును. సరుకు నిండుగా నున్నప్పుడు బరువు వెనుక పడును, అప్పుడు వెనుక ఇరుసులోని ఏర్పాటే ఎక్కువ పని చేయును.

అమెరికాలో 1946లో డాడ్జ్ కంపెనీ పవర్ వాగన్ అను ఫోర్‌వీల్ పికప్‌ను సాధారణ ప్రజలకు అమ్మెను. 1956లో ప్యాకార్డ్ కార్లలో ఎల్.ఎస్.డి. వచ్చెను. ఆ దేశపు పికప్‌లలో ఇప్పుడు రెండును కలిపి తీసికొనుట సామాన్యమే. మన యార్డులకు వచ్చు పికప్‌లలో ఎక్కువ భాగము వెనుక చక్రములతో నడచునవే. టొయోటా హైలక్స్‌లో ఫోర్‌వీల్‌తో బాటు మీట నొక్కినచో పడు వెనుక లాకు కలదు. 2021లో వచ్చిన మహీంద్రా బొలేరో నియోలో, అది పికప్ కాకపోయినను, ఒక రకమునకు ఫోర్‌వీల్ లేకయే తనంతట తాను పడు వెనుక లాకు అమర్చిరి. ఒకే పేరు గల బండిలో ఒక రకమునకు ఉండి మరియొక రకమునకు లేకపోవచ్చును. అమ్మువాని మాట మీద పోక, బండితో ఇచ్చు పుస్తకములో మీరే చదువుకొనవలెను.

పాత బండి కొనువారికి ఒక పరీక్ష చెప్పెదను. ముందు చక్రములకు గట్టి అడ్డు పెట్టి, ఇంజను ఆపి, వెనుక రెండు చక్రములను గట్టి స్టాండ్ల మీద లేపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చక్రమును చేతితో తిప్పుడు. రెండవది ఎదురు దిక్కున తిరిగినచో అది మామూలు డిఫరెన్షియల్, లేదా పలకలు అరిగిన ఎల్.ఎస్.డి. అదే దిక్కున తిరిగినచో పలకల బిగువు ఇంకను ఉన్నది. తనంతట పడు లాకు మాత్రము ఈ పరీక్షలో మామూలుదాని వలెనే కనబడును.

ఇక ప్రమాదముల మాట. ఇది శ్రద్ధగా వినవలెను.

కాలువ గట్టు మీద, ప్రక్కకు వాలుగానున్న జారు నేల మీద ఎల్.ఎస్.డి. బండి మామూలు బండికంటె జాగ్రత్తగా నడపవలెను. మామూలు బండిలో ఒక చక్రము జారినను రెండవది నిలకడగా నేలను పట్టి బండి తోకను ఆపియుంచును. ఎల్.ఎస్.డి.గాని లాకుగాని ఉన్నచో రెండును ఒక్కసారి జారి బండి వెనుక భాగము పల్లమునకు, అనగా కాలువలోనికి, జరుగును. అట్టిచోట యాక్సిలరేటరు గట్టిగా తొక్కరాదు, లాకు వేయనేరాదు. అవసరమైనచో సరుకు దింపి బండిని తోలవలెను. క్రేట్లు మరల ఎత్తుకొనవచ్చును.

ఎల్.ఎస్.డి. బండికి ఒక వెనుక చక్రము మాత్రమే జాకీ మీద లేపి ఇంజనుతో తిప్పరాదు. నేల మీది చక్రమునకు బలము అంది బండి జాకీ మీద నుండి ఉరుకును. దిగబడిన బండి చక్రము క్రింద రాళ్ళు, గోనెలు వేసి తోలునప్పుడు వెనుక వైపు ఎవరును నిలబడరాదు, ముఖ్యముగా పిల్లలు.

మీటతో వేయు ఫోర్‌వీల్‌ను ఎండిన తారు రోడ్డు మీద వేయరాదు. మలుపులలో ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకే దూరము పోవు. బురదలో ఆ తేడా జారుడులో తీరిపోవును. తారు మీద తీరక కడ్డీలు మెలిపడి, టైర్లు అరిగి, మీట ఊడి రాదు. లాకును కూడ గట్టి నేల చేరగానే, మలుపు తిరుగక ముందే విడిపింపవలెను. పై ఏర్పాట్లన్నియు బండి కదలుటకే గాని ఆగుటకు కావు. తడి రోడ్డు మీద ఫోర్‌వీల్ బండియు మామూలు బండి వలెనే జారి పోవును.

పలకల ఎల్.ఎస్.డి.కి దాని కొరకు చెప్పిన నూనెయే పోయవలెను. మామూలు గేరు నూనె పోసినచో మలుపులలో పలకలు పట్టి విడిచి, వెనుక నుండి కటకట శబ్దము వచ్చును, పలకలు త్వరగా చెడును. ఒకే ఇరుసు మీద ఒక కొత్త టైరు, ఒక అరిగిన టైరు వేయరాదు. చుట్టుకొలతలు వేరైనచో తిన్నని రోడ్డు మీద సైతము పలకలు నిరంతరము రాపాడుచునే యుండును. స్టెప్నీ వేసికొని వచ్చినచో పంక్చరు వేయించిన వెంటనే దానిని మార్చవలెను. బోదె దాటి వచ్చిన బండి ఇరుసు నీటిలో మునిగియున్నచో డిఫరెన్షియల్ నూనె ఒకసారి చూపించుడు. నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గుర్తు. ఆ నూనె తీసివేసి కొత్తది పోయించిన తరువాతనే బండికి సరుకు ఎత్తవలెను.