జాబితాలో లేని పేరు

(పాఠశాల ప్లాటినం జూబిలీ క్రీడోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

క్రీడలను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా జూబిలీ సంఘంవారు నన్ను ఆదేశించారు. ఒడిశాలో స్థిరపడిన మనకు హాకీ కొత్త కాదు. సుందర్‌గఢ్ జిల్లా ఈ దేశానికి అందించిన ఆటగాళ్లను మన పిల్లలు ఎరుగుదురు. 2018లో భువనేశ్వర్‌లోను, 2023లో భువనేశ్వర్, రూర్కెలా నగరాలలోను జరిగిన ప్రపంచ కప్ పోటీలను వారు కన్నులపండువుగా చూశారు. అయితే నేను ప్రస్తావించబోయేది ఆ హాకీని కాదు, గడ్డకట్టిన మంచు మీద ఆడే హాకీని. గోపాలపురం రేవులో చేపల బుట్టల మీద పోసే ఐసు తప్ప వేరు మంచు నెరుగని బరంపురం వాసులకు ఈ ప్రసంగమెందుకని మీరు నవ్వుకోవచ్చును. ఆ ఆట కన్న, ఆ ఆట నేర్పిన ఒక గురువు జీవితం నన్ను ఆలోచింపజేసింది. ఆయన పేరు హెర్బ్ బ్రూక్స్. అమెరికా దేశస్థుడు.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. గోల్‌కీపరుతో కలిపి ఒక్కొక్క జట్టుకు ఆరుగురు బరిలో ఉంటారు. కాళ్లకు ఉక్కు అంచు గల స్కేట్లు ధరిస్తారు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దానిని పక్ అంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు ఆడతారు. నిమిషం తిరగకుండానే ఆటగాళ్లు మారిపోతూ ఉంటారు. అంతటి ఆయాసంతో కూడిన ఆట అది.

బ్రూక్స్ 1937లో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో జన్మించాడు. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడాడు. 1960 శీతకాలపు ఒలింపిక్ పోటీలకు ఎంపికైన జట్టుతో కలిసి సాధన చేశాడు. తీరా పోటీలు ముంగిట నిలిచిన వేళ చివరగా తొలగించిన పేరు ఆయనదే. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. ఆ జట్టు కాలిఫోర్నియాలోని స్క్వా వ్యాలీలో అమెరికాకు ఈ ఆటలో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం సాధించింది. ఆయన ఆ ఆటను ఇంటిలో తండ్రి పక్కన కూర్చుని టెలివిజన్‌లో చూశాడు. శిక్షకుడు తీసివేయవలసిన వాణ్ణే తీసివేసినట్లున్నాడని ఆ తండ్రి అన్నాడని చెబుతారు. అది ఎగతాళియో, ఊరడింపో తెలియదు. తండ్రుల మాటలలో తరచుగా రెండూ కలిసే ఉంటాయి. ఈ సభలోని తండ్రులు నన్ను మన్నింతురు గాక!

ఆయన ఆట మానలేదు. 1964లోను, 1968లోను ఒలింపిక్స్‌లో ఆడాడు. ఆ రెండు పర్యాయాలూ జట్టుకు పతకం రాలేదు. 1972లో తాను చదివిన విశ్వవిద్యాలయానికే శిక్షకుడై, 1974, 1976, 1979 సంవత్సరాలలో మూడు జాతీయ విజయాలు సాధించిపెట్టాడు. తరువాత 1980 ఒలింపిక్ జట్టు బాధ్యత ఆయనకు అప్పగించారు.

అప్పటికి సోవియట్ జట్టు వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి ఉన్నది. అమెరికా జట్టులో ఉన్నవారు అధికశాతం కళాశాల విద్యార్థులు. పైగా బోస్టన్ వైపు కుర్రవాళ్లకూ మిన్నెసోటా కుర్రవాళ్లకూ పాత కక్షలు. మనస్తత్వశాస్త్రంలో పట్టభద్రుడైన బ్రూక్స్ ఈ కక్షలను మాన్పడానికి ఒక విచిత్రమైన ఉపాయం పన్నాడు. వారందరి కోపమూ తనవైపు మళ్లేటట్లు చేసుకున్నాడు. 1979 సెప్టెంబరులో నార్వేతో ఆట 3-3తో ముగిసింది. కుర్రవాళ్లు మనసుపెట్టి ఆడలేదని, ఆట ముగిసిన వెంటనే, అదే మంచు మీద వారిని అటూ ఇటూ పరుగులు తీయించాడు. దీపాలు ఆర్పివేసినా మానలేదు. సహాయ శిక్షకుడు క్రెయిగ్ పాట్రిక్ మెత్తనివాడు. కుర్రవాళ్లు తమ బాధ ఆయనతో చెప్పుకునేవారు.

ఈ పద్ధతిని నేను సమర్థించడం లేదు. ఇరవై ఏళ్ల యువకునికీ, మన ఏడవ తరగతి పిల్లవానికీ చాలా భేదమున్నది. చీకటిలో పరుగెత్తించడం మన పని కాదు. అయితే, ఆయన కఠినత్వం వెనుక ఒక చదువు ఉన్నదని మాత్రం ఒప్పుకోక తప్పదు. అమెరికన్ల వాడుక ప్రకారం పక్‌ను ఎదుటివారి మూలకు విసిరి దాని వెనుక పడటం మాన్పించాడు. సోవియట్ జట్టు వలె పక్‌ను తమ వద్దనే నిలుపుకుంటూ, ఒకరి చోటులోకి మరొకరు అల్లుకుపోయి ఆడటం నేర్పాడు. గెలవవలసిన ప్రత్యర్థి వద్దనే పాఠం చదువుకున్నాడన్నమాట!

1980 ఫిబ్రవరి 9న, పోటీలకు కొద్ది రోజుల ముందు, న్యూయార్క్‌లో జరిగిన సన్నాహక ఆటలో సోవియట్ జట్టు వారిని 10-3 తేడాతో చిత్తు చేసింది. సరిగ్గా పదమూడు రోజులకు లేక్ ప్లాసిడ్ అనే చిన్న పట్టణంలో ఆ రెండు జట్లే మళ్లీ తలపడ్డాయి. మొదటి భాగం ముగియడానికి ఒక్క సెకను ఉన్నదనగా మార్క్ జాన్సన్ గోల్ చేసి 2-2గా సమం చేశాడు. సోవియట్ శిక్షకుడు టిఖోనోవ్ మహా గోల్‌కీపరైన ట్రెట్యాక్‌ను ఆ తరువాత బరిలోకి దింపలేదు. చివరి భాగం సగం గడిచేసరికి మైక్ ఎరుజియోనీ కొట్టిన గోల్‌తో అమెరికా 4-3తో ముందుకు వెళ్లింది. మిగిలిన పది నిమిషాలూ ఆ ఆధిక్యం నిలుపుకున్నది. అదే ఆఖరి పోటీ అని చాలామంది భ్రమపడతారు. స్వర్ణం ఖాయమైనది ఫిబ్రవరి 24న, ఫిన్లాండ్‌ను 4-2తో ఓడించిన తరువాతనే. సోవియట్ జట్టుపై గెలిచిన క్షణంలో కుర్రవాళ్లు మంచు మీద ఒకరినొకరు కౌగిలించుకుంటూ ఉండగా, బ్రూక్స్ వెనుదిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

తదుపరి ఆయన వృత్తి జట్లకు శిక్షణ ఇచ్చాడు. 1998లో ఫ్రాన్స్ ఒలింపిక్ జట్టును నడిపాడు. 2002లో మళ్లీ అమెరికా జట్టుకు రజతం సాధించిపెట్టాడు. 2003 ఆగస్టులో కారు ప్రమాదంలో మరణించాడు.

ఇక నేను చెప్పదలచిన అసలు విషయానికి వస్తాను. 1980 జట్టులో ఇరవై మందికే చోటున్నది. చివరగా ఒక పేరు కొట్టివేయక తప్పలేదు. ఆ పేరు రాల్ఫ్ కాక్స్. ఇరవై ఏళ్ల క్రితం ఏ దెబ్బ తన మీద పడిందో, ఆ దెబ్బనే ఇప్పుడు తన చేతితో మరొకనిపై వేయవలసి వచ్చింది. తాను అనుభవించాడు గనుక ఒకరిని అదనంగా చేర్చుకుందామంటే నిబంధన ఒప్పుకోదు. తాను అనుభవించాడు గనుక ఆ బాధ తేలికని అనుకోవడమూ ఆయనకు సాధ్యం కాదు. ఆ జట్టు చరిత్ర వ్రాసినవారు ఎరుజియోనీ గోల్‌తో పాటు కాక్స్ పేరును కూడా మరువలేదు. నాకది ఎంతో తృప్తి కలిగించింది.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మేమందరమూ ఏటేటా జాబితాలు వ్రాసేవారమే. నాటకానికి, వక్తృత్వ పోటీకి, కబడ్డీ జట్టుకు పేర్లు వ్రాస్తాము. నేడు బహుమతులందుకున్న పిల్లల పేర్లు మైకులో విన్నాము. వినబడని పేర్లు వారికి పదింతలు ఉన్నవి.

జూబిలీ సందర్భంగా అంతర్ పాఠశాలల పోటీలకు మన కబడ్డీ, ఖోఖో జట్ల ఎంపిక వచ్చే ఆదివారం జరుగుతుంది. ఎంపికైనవారి పేర్లు యథాప్రకారం నోటీసు బోర్డుపై ఉంటాయి. పేరు లేని పిల్లలు మాత్రం ఆ సంగతి బోర్డు చూసి తెలుసుకోనక్కరలేదు. వ్యాయామోపాధ్యాయులవారు ముందు రోజే ఒక్కొక్కరిని పిలిచి, కారణంతో సహా స్వయంగా చెబుతారు. ఇందుకు వారు సంతోషంగా అంగీకరించారు. సోమవారం నుండి సాయంకాలపు సాధనకు ఆ పిల్లలు కూడా జట్టుతో పాటు రావచ్చును. అంతమందిని చూసుకోవడానికి వ్యాయామోపాధ్యాయులు ఒక్కరే చాలరు. పూర్వ విద్యార్థులలో ఇద్దరు ఇప్పటికే ముందుకు వచ్చారు. మరి ఇద్దరు కావాలి. దయయుంచి సభానంతరం కార్యాలయంలో పేర్లు ఇవ్వగలరని మనవి.