కళాశాలలో చేరువారు, చెప్పువారు

నయాపూల్ దాటి పాతబస్తీలోనికి వెళ్లువారికి, మూసీనది దక్షిణపు గట్టున, హైకోర్టునకు పొరుగున ఒక ఘనమైన కట్టడము కనిపించును. అది సిటీ కాలేజి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ రైల్వేస్టేషను భవనములకు రూపమిచ్చిన విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల శిల్పియే దీనికిని రూపమిచ్చెను. 1921లో ఇందు పాఠశాలకు తోడుగా ఇంటర్మీడియెటు తరగతులు ఏర్పడినవి. 1929లో ఇది కళాశాల యయ్యెను. కవి మఖ్దూం మొహియుద్దీన్ ఇచ్చట కొంతకాలము ఉర్దూ బోధించి, పిదప ఉద్యోగము వదలి కార్మికోద్యమములోనికి వెళ్లిరి. వదలుకొనుటకైనను ముందు ఉద్యోగ మనునది ఒకటి ఉండవలెను గదా! ఈ మాట ఎందుకు చెప్పుచున్నామో కొంచెము సేపటిలో శ్రోతలకు బోధపడును.

ఈ కళాశాల వాకిట జరిగిన ఒక సంఘటనను ముందుగా స్మరింపవలసి యున్నది. ఉద్యోగములు స్థానికులకే చెందవలె నను ముల్కీ నిబంధనలు హైదరాబాదు రాజ్యములో 1919 నుండి కలవు. పదునైదేండ్ల నివాసము వానికి కొలత. అయినను పాఠశాలలలో బయటి ప్రాంతములవారిని ఉపాధ్యాయులుగా నియమించుచున్నారని 1952లో వరంగల్లు విద్యార్థులు వీధులలోనికి వచ్చిరి. ఆ అలజడి రాజధానికి పాకెను. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కాలేజి పరిసరములలో పోలీసులు జరిపిన కాల్పులలో ప్రాణములు పోయినవి. న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారు దానిపై విచారణ జరిపిరి. ఆ విద్యార్థులు తమకు సీట్లు చాలలేదని గాని, ఫీజులు హెచ్చినవని గాని తిరుగబడలేదు. పాఠము చెప్పు కుర్చీలో ఎవరు కూర్చుండవలె నన్నదే వారి ప్రశ్న.

ఎవరు స్థానికులన్న ప్రశ్నకు తరువాతి కాలమున రాజ్యాంగ సవరణము ద్వారాను, 1975, 2018 సంవత్సరముల రాష్ట్రపతి ఉత్తర్వుల ద్వారాను సమాధానము లభించినది. ఆ చరిత్ర వేరొక ప్రసంగమునకు చాలును. నేడు మేము అడుగదలచిన ప్రశ్న వేరు. ఆ కుర్చీలో ఎవరైనను ఉన్నారా? ఉన్నచో, ఎంతకాలముండుటకు?

విద్యార్థుల లెక్కను చూడుడు. అఖిల భారత ఉన్నతవిద్యా సర్వే 2021-22 ప్రకారము దేశములో పదునెనిమిది మొదలు ఇరువదిమూడేండ్ల వయస్సు గలవారితో పోల్చిన, కళాశాలలలో చేరినవారు నూటికి 28.4. తెలంగాణములో ఆ సంఖ్య 40. ఆ వయస్సుగల లక్ష జనాభాకు కళాశాలలు దేశమున సగటున 30 కాగా, ఇచ్చట 52. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో పుట్టినప్పుడు ఇట్టి లెక్కను ఎవరైనను చెప్పిన, విన్నవారు నమ్మియుండరు. మరియొక సంగతి మాకు ఎక్కువ సంతోషము కలిగించును: డిగ్రీలో చేరువారిలో కొన్నేండ్లుగా బాలురకంటె బాలికలే అధికము. హుసేనీ ఆలం ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల వంటివి ఇంటికి దగ్గరగా ఉండుటచేతనే పాతబస్తీలో ఎందరో తలిదండ్రులు కుమార్తెలను ఇంటర్మీడియెటుతో మాన్పింపక పై చదువునకు పంపుచున్నారు. రెండు బస్సులు మారి వెళ్లవలసినచో ఆ చదువు అంతటితో ఆగిపోవునని వారే చెప్పుదురు.

ఇక సీట్లు. 2016 నుండి డిగ్రీ ప్రవేశములు ‘దోస్త్’ అను ఆన్‌లైన్ పద్ధతిన జరుగుచున్నవి. పేరు ఎంపిక చేసినవారికి మంచి చమత్కారమున్నది. ఇంటిలోని ఫోనునుండియే కుఱ్ఱవాడు కళాశాలలను వరుసపెట్టి కోరుకొనవచ్చును. దీనివలన దాగియున్న సంగతి ఒకటి బయటపడినది. రాష్ట్రములో డిగ్రీ సీట్లు నాలుగు లక్షలు దాటియుండగా, ఏటేట చేరువారు రెండు లక్షల పరిసరములనే ఉన్నారు. సగము బల్లలు ఖాళీ! చేరినవారిలోను అందరికంటె ముందు నిలుచువారు బి.కాం. విద్యార్థులు. అందు కంప్యూటరు చేరినచో మరియు గిరాకి. చరిత్ర, తత్త్వశాస్త్రము, భాషాసాహిత్యములు కోరువారు పలుచబడిరి.

అధ్యాపకుని ఉద్యోగము ఇచ్చటనే చిక్కునబడుచున్నది. పోస్టు మంజూరగుట శాస్త్రమునుబట్టి; అది ఒకసారి మంజూరైన పిదప ముప్పది యేండ్లు నిలుచును. విద్యార్థి కోరిక మూడేండ్లకొకసారి మారును. కామర్సు తరగతిలో పిల్లలు కిక్కిరిసి, చెప్పువారు చాలరు. ప్రక్కగదిలో చెప్పువారుండి, వినువారు చాలరు. ఈ ఎగుడుదిగుడును సరిచేయుటకు ప్రభుత్వములు కనిపెట్టిన సులభోపాయము తాత్కాలిక నియామకము. కాంట్రాక్టు అధ్యాపకులు ఒక తరగతి. పీరియడుల లెక్కన జీతమందుకొను గెస్ట్ అధ్యాపకులు మరియొక తరగతి. కొద్దికాలపు అవసరమునకు ఇది చెడుపద్ధతి కాదు. ఆ కొద్దికాలము పదునైదు, ఇరువది యేండ్లు సాగుటయే చెడు.

2023 ఏప్రిల్ 30న తెలంగాణ ప్రభుత్వము 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించినది. అందు జూనియర్ లెక్చరర్లు 2,909 మంది. డిగ్రీ కళాశాలలవారు 270 మంది. ఆ దినమున ఎన్ని ఇండ్లలో దీపము వెలిగినదో మేము ఊహింపగలము. కాని పోటీపరీక్షకై ఎదురుచూచుచున్న నిరుద్యోగుల మాట ఏమి? వారు న్యాయస్థానమునకు వెళ్లిరి. 2024 నవంబరులో హైకోర్టు ఈ క్రమబద్ధీకరణకు ఆధారమైన నిబంధనను కొట్టివేసినది. అప్పటికే స్థిరపడినవారిని మాత్రము తొలగింపలేదు. ఇరుపక్షములవారి వేదనయు అందు గుర్తింపబడిన దని మా అభిప్రాయము. అసలు తప్పు ఈ ఇరువురిదియు కాదు. ఏండ్ల తరబడి ప్రకటన వెలువడకపోవుటది. జూనియర్ లెక్చరర్ల నియామకమునకు 2008 తరువాత 2022 డిసెంబరులోగాని ప్రకటన రాలేదు. 1,392 పోస్టులకు వెలువడిన ఆ ప్రకటన ఫలించి నియామక పత్రములు చేతికందునప్పటికి 2025 మార్చి అయినది. ఇరువదిరెండేండ్ల వయస్సున ఎం.ఏ. ముగించినవాడు 2009లో పరీక్షకు సిద్ధమైనచో, అతనికి మొదటి అవకాశము వచ్చుసరికి నడివయస్సు దగ్గరపడెను.

విశ్వవిద్యాలయముల స్థితి ఇంతకంటె మెరుగు కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో మంజూరైన సుమారు 2,800 బోధనా పోస్టులలో, 2025 ఆరంభమునాటికి పనిచేయుచున్నవారు వేయిమంది కూడ లేరు. కాంట్రాక్టు నియామకములు మొత్తములో నూటికి పది మించరాదని 2018 నాటి యు.జి.సి. నిబంధన. 2025 జనవరిలో ఆచార్యుల పదవీవిరమణ వయస్సును అరువది నుండి అరువదియైదునకు పెంచిరి. ఉన్నవారిని వెళ్లకుండ ఆపుట కూడ ఒకవిధమైన నియామకమే కాబోలు!

పాతబస్తీకి తనదైన చిక్కు మరియొకటి కలదు. ఉస్మానియా పుట్టుకతో ఉర్దూ మాధ్యమపు విశ్వవిద్యాలయము. 1948 తరువాత ఆంగ్లమునకు మారెను. అయినను ఉర్దూలో చదువువారు ఈ వీధులలో నేటికిని కలరు. ఉర్దూ మాధ్యమపు ఉపాధ్యాయ పోస్టులు ప్రకటింపబడినప్పుడు, రిజర్వేషను వరుసలో కొన్ని పోస్టులు ఉర్దూ చదివినవారు మిక్కిలి అరుదుగా ఉండు వర్గములకు వచ్చును. అభ్యర్థి దొరకడు; పోస్టు నిండదు; నిండలేదు గనుక బడిలో తాత్కాలికుడే మిగులును. రిజర్వేషనును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. బడిలో పునాది ఇట్లుండగా, ఆ పిల్లలు కళాశాల గడప ఎక్కునప్పుడు ఎంత సరకుతో ఎక్కుదురో ఆలోచింపవలెను.

ప్రైవేటు కళాశాలల దారి వేరు. అచ్చట జీతము ఫీజులనుండి రావలెను. ఫీజులో పెద్దభాగము 2008లో ఆరంభమైన ఫీజు రీయింబర్సుమెంటునుండి రావలెను. ఆ బకాయిలకై 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు కొన్ని దినములు తలుపులు మూసినవి. పైన నీరు ఆగినచో మొదట ఎండునది చివరి మడి. ఆ చివరి మడి అధ్యాపకుని జీతము.

పాతబస్తీలోని ఒక కళాశాలకు (దాని పేరు చెప్పము) మేము ఒక కార్యక్రమమును రికార్డు చేయుటకు వెళ్లియుంటిమి. మాట్లాడవలసినవారు జంతుశాస్త్రము బోధించు ఒక గెస్ట్ అధ్యాపకులు. పరిచయ వాక్యము వ్రాసికొనుటకు వారి హోదా అడిగితిమి. ఆయన కొంచెము తటపటాయించిరి. పదునాలుగేండ్లుగా అదే గదిలో, అదే నల్లబల్లవద్ద నిలుచువారిని అతిథి యని పిలుచుట మాకును నోరాడలేదు. ‘అధ్యాపకులు’ అని మాత్రమే వ్రాసి చదివితిమి. ఆయన తరగతిలో అరువదిమందికి పైగా బాలికలున్నారు. కప్ప గుండెను సుద్దముక్కతో బల్లపై గీచి, ఉర్దూలో ఒకసారి, ఆంగ్లములో ఒకసారి, చివరి వరుసలోని ఇద్దరికొరకు తెలుగులో మరొకసారి చెప్పిరి. గది నిశ్శబ్దముగా వినెను.

తరువాత టీ త్రాగుచు మేము తెలిసికొన్న దేమనగా, ప్రవేశముల జాబితాలు మే, జూన్ నెలలలో వెలువడును, తరగతులు ఆరంభమగును, గెస్ట్ అధ్యాపకులను పిలుచు ప్రకటన ఆ తరువాత వచ్చును. ప్రతి యేడును దరఖాస్తు, ప్రతి యేడును ఇంటర్వ్యూ. ఇది పలు ప్రభుత్వ కళాశాలలలో జరుగు వరుసయే. విద్యార్థిని తన సీటును ముందుగా ఎరుగును. ఆ సీటునకు ఎదుట నిలుచువాడెవరో ఎవరును ఎరుగరు.

రికార్డింగు చక్కగా వచ్చినది. వానకాలమున వ్యాధులు వ్యాపింపజేయు కీటకములపై ఆగస్టులో మరియొక ప్రసంగము చేయుడని ఆయనను కోరితిమి. ఉత్తరము కళాశాల చిరునామాకు పంపమందురా అని అడిగితిమి.

“ఆగస్టుల అంటె సార్, ముందుగాల నేను ఈడ ఉన్ననో లేనో ఫోన్ చేసి అడుగుండ్రి, ఆ తర్వాత ఉత్తరం రాయుండ్రి” అని చెప్పి, ఆయన తమ ఇంటి చిరునామాను మా కాగితముపై వ్రాసియిచ్చిరి.